నేరాన్ని ఆపేది ఏది? కఠిన శిక్షా, తప్పించుకోలేమన్న నమ్మకమా?

కూడలి దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఉన్నారని తెలియగానే ద్విచక్ర వాహనదారుడు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్‌ను తలకు తగిలించుకుంటాడు. కూడలి దాటి రెండు వందల గజాలు వెళ్లాక మళ్లీ తీసి ట్యాంకు మీద పెట్టుకుంటాడు. ఈ రెండు వందల గజాల్లో చట్టం మారలేదు. జరిమానా మారలేదు. ప్రమాదం జరిగితే తలకు తగిలే దెబ్బ తీవ్రత కూడా మారలేదు. మారిందల్లా పట్టుబడే అవకాశం ఒక్కటే.

నగరాల్లో నిత్యం కనిపించే ఈ దృశ్యం నేరశాస్త్రంలోని ఒక ప్రధాన చర్చకు సులభమైన ఉదాహరణ. మనిషి చట్టాన్ని ఉల్లంఘించే ముందు లాభనష్టాలు బేరీజు వేసుకుంటాడా? వేసుకుంటే ఆ లెక్కలో దేనికి ఎక్కువ విలువ ఇస్తాడు? చట్టంలో రాసి ఉన్న శిక్షకా, ఆ శిక్ష తన దాకా వస్తుందన్న అంచనాకా? దేశంలో ఏదైనా ఘోరం వెలుగుచూసిన ప్రతిసారీ ఇంకా కఠినమైన శిక్షలు కావాలన్న డిమాండ్ వినిపిస్తుంది కాబట్టి ఈ ప్రశ్న పండితులకే పరిమితమైనది కాదు.

లాభనష్టాల లెక్క

మనుషులు తమకు తెలిసినంతలో ప్రయోజనం, నష్టం తూచుకుని నిర్ణయాలు తీసుకుంటారనీ, నేరం చేసేవారు కూడా ఇందుకు మినహాయింపు కాదనీ చెప్పేది హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతం. నేరం వల్ల కలిగే నష్టం లాభాన్ని మించిపోతుందని భావిస్తే మనిషి వెనక్కి తగ్గుతాడన్నది దీనికి అనుబంధంగా ఉన్న నిరోధక సిద్ధాంతం. ఇక్కడ శిక్ష లక్ష్యం ప్రతీకారం కాదు. శిక్ష పడినవాడు మళ్లీ ఆ పని చేయకుండా చూడటం ఒకటి, అతడిని చూసి ఇతరులు ఆగిపోయేలా చేయడం రెండోది.

ఈ ఆలోచనను ఆధునిక యూరప్‌లో స్పష్టంగా ప్రతిపాదించినవాడు ఇటలీకి చెందిన చెజారే బెకారియా. 1764లో, ఇరవయ్యారేళ్ల వయసులో, నేరాలు, శిక్షల గురించి ఆయన ప్రచురించిన చిన్న గ్రంథం యూరప్ న్యాయవ్యవస్థల్లో పెను చర్చకు కారణమైంది. చిత్రహింసలను, మరణశిక్షను ఆయన వ్యతిరేకించారు. శిక్ష మితంగా ఉన్నా తప్పించుకోలేనిదైతే, తప్పించుకునే ఆశ మిగిల్చే భయంకర శిక్ష కన్నా అది గట్టి ముద్ర వేస్తుందన్నది ఆయన వాదన. ఆ తరువాత ఇంగ్లాండ్‌లో జెరెమీ బెంథామ్ ఈ ఆలోచనను మరింత విస్తరించారు.

భారతీయ రాజనీతిలోనూ ఈ చర్చ పాతదే. సామ దాన భేద దండోపాయాల్లో దండాన్ని చివర చెప్పడం అందరికీ తెలిసిందే. దండం మితిమీరితే ప్రజలు రాజుపై విరక్తి చెందుతారనీ, మరీ మెత్తగా ఉంటే రాజును లెక్కచేయరనీ, తగిన దండం విధించే రాజునే గౌరవిస్తారనీ కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ విషయానికి ఆర్థికశాస్త్ర రూపం ఇచ్చినవారు అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్. ఒక రోజు ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి మౌఖిక పరీక్షకు ఆలస్యంగా బయలుదేరారు. కారును రుసుము చెల్లించి పార్కింగ్ స్థలంలో పెట్టాలా, నిబంధనకు విరుద్ధంగా వీధిలో వదిలి వెళ్లాలా అన్న ప్రశ్న ఎదురైంది. పట్టుబడే అవకాశం ఎంత, పడితే జరిమానా ఎంత అని లెక్క వేసుకుని వీధిలోనే కారు నిలిపారు. పరీక్ష గదికి నడుస్తూ ఉండగా, ఎంత తరచుగా తనిఖీ చేయాలి, ఎంత జరిమానా వేయాలి అని నగర అధికారులు కూడా ఇలాంటి లెక్కే వేసుకుని ఉంటారని ఆయనకు తోచింది. ఈ సంగతి ఆయన తన నోబెల్ ఉపన్యాసంలో స్వయంగా చెప్పారు. నేరం, శిక్షలపై 1968లో ఆయన ప్రచురించిన పరిశోధన పత్రం ఆ రంగానికి కొత్త దారి చూపింది. 1992లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది.

తీవ్రత, నిశ్చితత్వం, సత్వరత

శిక్షకు ఉన్న నిరోధక శక్తిని మూడు అంశాలు నిర్ణయిస్తాయని ఈ సిద్ధాంతం చెబుతుంది. శిక్ష ఎంత పెద్దదన్నది తీవ్రత. అది ఎంత తప్పనిసరిగా పడుతుందన్నది నిశ్చితత్వం. నేరానికీ శిక్షకూ మధ్య ఎంత కాలం గడుస్తుందన్నది సత్వరత.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక నేరానికి పదేళ్ల జైలు శిక్ష ఉంది. కానీ అది చేసిన వంద మందిలో ఒక్కరికే శిక్ష పడుతుంది. నేరం చేయబోయేవాడి లెక్కలో ఆ పదేళ్ల శిక్ష విలువ సగటున 36 రోజులు. అదే నేరానికి ఏడాది జైలు మాత్రమే ఉండి, అయిదుగురిలో ఒకరికి తప్పక పడుతుంటే ఆ శిక్ష విలువ 73 రోజులు. కాగితం మీద పది రెట్లు పెద్దదిగా కనిపించిన శిక్ష ఆచరణలో సగానికి సగం చిన్నదైపోయింది.

నిజానికి బెకర్ సూత్రాన్ని యథాతథంగా తీసుకుంటే ప్రభుత్వాలకు ఒక చౌక మార్గం కనిపిస్తుంది. తనిఖీలకు, దర్యాప్తుకు, న్యాయస్థానాలకు డబ్బు ఖర్చవుతుంది. శిక్షను రెట్టింపు చేయడానికి చట్టంలో ఒక సవరణ చాలు. పట్టుబడే అవకాశం తక్కువగా ఉన్నా శిక్ష పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అయితే మనుషులు ఈ రెంటినీ సమానంగా తూచరని ఆ తరువాతి అధ్యయనాలు తేల్చాయి. పదేళ్ల తరువాత ఎప్పుడో అనుభవించే కష్టం కన్నా ఈ రాత్రికే పట్టుబడతానన్న భయం మనసుపై ఎక్కువగా పనిచేస్తుంది. పైగా చట్టంలో ఏ నేరానికి ఎన్నేళ్ల శిక్ష ఉందో చాలామందికి తెలియనే తెలియదు. వీధి చివర పోలీసు ఉన్నాడో లేడో మాత్రం తెలుస్తుంది. పట్టుబడతామన్న అంచనాకు శిక్ష తీవ్రత కన్నా ఎక్కువ నిరోధక శక్తి ఉందని అమెరికా న్యాయశాఖకు చెందిన పరిశోధన సంస్థ కూడా తన అధ్యయనాల సారాంశంలో స్పష్టం చేసింది.

చరిత్ర చెప్పిన పాఠాలు

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లాండ్‌లో దాదాపు రెండు వందల నేరాలకు ఉరిశిక్ష ఉండేది. ఇంట్లోంచి 40 షిల్లింగుల విలువైన వస్తువు దొంగిలించినా ఉరే. అంతటి చట్టం కింద దొంగలు భయంతో వణికిపోవాలి. జరిగింది వేరు. చిన్న దొంగతనానికి మనిషి ప్రాణం తీయడానికి మనసొప్పని జ్యూరీ సభ్యులు దొంగిలించిన సొత్తు విలువను కావాలనే 39 షిల్లింగులుగా లెక్కకట్టేవారు. కొన్ని కేసుల్లో బాధితులే ఫిర్యాదు చేయడం మానుకున్నారు. ఫోర్జరీకి ఉరిశిక్ష ఉన్నంతకాలం దోషులకు శిక్షలు పడటం కష్టమవుతోందనీ, ఆ శిక్షను తొలగిస్తేనే తమ ఆస్తికి రక్షణ ఉంటుందనీ 1830లో వందలాది మంది బ్యాంకర్లు పార్లమెంటుకు విన్నవించుకున్నారు. అంటే శిక్ష మితిమీరడం వల్ల శిక్ష పడే అవకాశమే తగ్గిపోయింది. శామ్యూల్ రోమిలీ వంటి సంస్కర్తల కృషితో 1808లో జేబుదొంగతనానికి ఉరిశిక్ష రద్దయింది. తరువాతి దశాబ్దాల్లో మిగిలిన నేరాల్లోనూ అత్యధిక భాగానికి ఆ శిక్ష తొలగిపోయింది.

రెండో పాఠం డెన్మార్క్‌ది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944 సెప్టెంబరులో, ఆ దేశాన్ని ఆక్రమించిన జర్మన్ సేనలు డేనిష్ పోలీసులను మూకుమ్మడిగా నిర్బంధించాయి. యుద్ధం ముగిసేదాకా దేశంలో సాధారణ పోలీసు వ్యవస్థ లేదు. చట్టాలూ, శిక్షలూ అలాగే ఉన్నాయి. అయినా దోపిడీలు, దొంగతనాలు కొన్ని రెట్లు పెరిగాయి. నిధుల దుర్వినియోగం, మోసం వంటి నేరాల్లో మాత్రం అంతటి పెరుగుదల కనిపించలేదు. ఈ నేరాల్లో నిందితుడు ఎవరో బాధితుడికి సాధారణంగా ముందే తెలుస్తుంది కాబట్టి పోలీసులు లేకపోయినా తప్పించుకునే అవకాశం పెద్దగా పెరగలేదు.

మరణశిక్ష విషయంలో చర్చ ఇంకా సాగుతూనే ఉంది. ఉరిశిక్ష హత్యలను తగ్గిస్తుందని 1970లలో అమెరికాలో కొన్ని గణాంక అధ్యయనాలు పేర్కొన్నాయి. వాటిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి నియమించిన సంఘం 2012లో మొత్తం పరిశోధనను సమీక్షించింది. మరణశిక్ష హత్యలను తగ్గిస్తుందని గానీ, పెంచుతుందని గానీ, ఏ ప్రభావమూ చూపదని గానీ చెప్పడానికి ఆ అధ్యయనాలు పనికిరావని తేల్చింది. భారతదేశంలో 1980 నాటి బచన్ సింగ్ కేసు తీర్పు ప్రకారం అత్యంత అరుదైన కేసుల్లోనే మరణశిక్ష విధిస్తున్నారు. జస్టిస్ ఎ.పి.షా అధ్యక్షతన లా కమిషన్ 2015 ఆగస్టులో సమర్పించిన 262వ నివేదిక, యావజ్జీవ కారాగార శిక్ష కన్నా మరణశిక్షకు అదనపు నిరోధక శక్తి ఉందనడానికి ఆధారం లేదని పేర్కొంది. ఉగ్రవాదం, దేశంపై యుద్ధం వంటి నేరాలకు తప్ప మిగిలిన వాటికి దాన్ని రద్దు చేయాలని సిఫార్సు చేసింది.

భారతదేశం ఎంచుకున్న దారి

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత ప్రభుత్వం నియమించిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ 29 రోజుల్లోనే నివేదిక ఇచ్చింది. అత్యాచార నేరానికి మరణశిక్షను ఆ కమిటీ సిఫార్సు చేయలేదు. పోలీసు సంస్కరణలు, సత్వర దర్యాప్తు, బాధితుల పట్ల వ్యవస్థ వ్యవహరించే తీరుపై ఎక్కువగా దృష్టి పెట్టింది. 2013 నాటి చట్ట సవరణ కొన్ని కేసుల్లో మరణశిక్షకు వీలు కల్పించింది. 2018లో పన్నెండేళ్లలోపు బాలికలపై అత్యాచారానికి, 2019లో పోక్సో చట్టం కింద తీవ్రమైన నేరాలకు మరణశిక్షను చేర్చారు.

రాష్ట్రాలూ ఇదే దారిలో నడిచాయి. 2019 నవంబరులో హైదరాబాద్ శివారులో ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన అఘాయిత్యం తెలుగు రాష్ట్రాలను కుదిపేసింది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. తిరుగులేని ఆధారాలున్న అత్యాచారం కేసుల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ పూర్తిచేసి, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు వెలువడాలనీ, దోషికి మరణశిక్ష పడాలనీ అందులో ప్రతిపాదించారు. రాష్ట్రపతి ఆమోదం లభించకపోవడంతో అది అమలులోకి రాలేదు. 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ శాసనసభ కూడా ఇదే కోవలో అపరాజిత బిల్లును ఆమోదించింది.

నేరం తీవ్రతకు తగిన శిక్ష ఉండాలన్న ప్రజల కోరిక సహజమైనదే. అయితే నిరోధక శక్తి దృష్ట్యా చూడవలసిన అంకె మరొకటి ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో విచారణ పూర్తయిన అత్యాచారం కేసుల్లో దోష నిర్ధారణ జరిగినవి సుమారు 27 శాతం. అంటే తీర్పు వచ్చిన ప్రతి నాలుగు కేసుల్లో దాదాపు మూడింట నిందితులు శిక్ష పడకుండా బయటికి వచ్చారు. వారందరూ నేరస్థులని అనడానికి లేదు. ఆ నిందితుల్లో నిర్దోషులూ ఉంటారు. కానీ సాక్ష్యాల సేకరణలో లోపాలు, సాక్షులు మాట మార్చడం, ఏళ్ల తరబడి వాయిదాలు కూడా ఈ అంకె వెనుక ఉన్నాయి. పోలీసు స్టేషన్ దాకా రాని కేసులు ఇందులో లేనే లేవు.

శిక్ష పెంచేటప్పుడు ఆలోచించవలసిన మరో రెండు విషయాలు ఉన్నాయి. అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారే. కుటుంబ సభ్యుడో, బంధువో, పొరుగువాడో అయిన వ్యక్తికి ఉరి పడుతుందంటే ఫిర్యాదు చేయవద్దన్న ఒత్తిడి బాధితురాలిపై మరింత పెరిగే ప్రమాదం ఉంది. 39 షిల్లింగుల జ్యూరీల కథ ఇక్కడ వేరే రూపంలో తిరిగి కనిపిస్తుంది. రెండోది, అత్యాచారానికీ హత్యకూ ఒకే శిక్ష ఉంటే, ఏకైక సాక్షి అయిన బాధితురాలిని ప్రాణాలతో వదిలిపెట్టడానికి నేరస్థుడికి ఉన్న ఒకే ఒక్క కారణం కూడా తొలగిపోతుంది. నేరం తీవ్రత పెరిగే కొద్దీ శిక్ష మెట్టు మెట్టుగా పెరగాలనీ, పై మెట్టు ఎక్కకుండా ఆగడానికి నేరస్థుడికి ఎప్పుడూ ఒక కారణం మిగలాలనీ బెకారియా, బెంథామ్ చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

రహదారిపై ఇదే పరీక్ష

మోటారు వాహనాల సవరణ చట్టం 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. సీటు బెల్టు పెట్టుకోకపోతే జరిమానా 100 రూపాయల నుంచి 1,000 రూపాయలకు, లైసెన్సు లేకుండా నడిపితే 500 నుంచి 5,000కు, మద్యం తాగి నడిపితే మొదటిసారి 2,000 నుంచి 10,000కు పెరిగింది. మొదటి వారాల్లో వార్తల్లో నిలిచిన భారీ జరిమానాలతో వాహనదారుల్లో కదలిక కనిపించింది. కానీ జరిమానాలు భారంగా ఉన్నాయన్న నిరసనలు వచ్చాయి. గుజరాత్ వంటి రాష్ట్రాలు వాటిని తగ్గించాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వాహనాల సంఖ్య పెరగడం, రహదారుల నిర్మాణ లోపాలు వంటి కారణాలు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి చట్టం ఒక్కటే విఫలమైందని అనలేం. జరిమానా పెంపు ఒక్కటే సరిపోదని మాత్రం చెప్పవచ్చు.

ఢీకొట్టి పారిపోయే కేసుల చర్చ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. నిర్లక్ష్యంగా వాహనం నడిపి మరణానికి కారణమై, పోలీసులకో మేజిస్ట్రేట్‌కో తెలపకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు శిక్షను భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ప్రతిపాదించారు. 2024 జనవరిలో ట్రక్కు డ్రైవర్లు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయంతోనే పారిపోతున్నామన్నది వారి వాదన. మిగిలిన సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చినా ఈ ఉపసెక్షన్‌ను ప్రభుత్వం నిలిపి ఉంచింది. ఆ క్షణంలో డ్రైవరు మనసులో ఒకవైపు ఎప్పుడో పడబోయే పదేళ్ల శిక్ష, మరోవైపు కళ్లెదుట మూగుతున్న జనం. ఆ రెంటిలో ఏది ఎక్కువ భయపెడుతుందో ఊహించడం కష్టం కాదు. చట్టం ఆశించిన ప్రవర్తన రావాలంటే శిక్షతోపాటు, ఆగిన డ్రైవరుకు రక్షణ దొరుకుతుందన్న నమ్మకం కూడా కావాలి.

లెక్కకు అందని నేరాలు

ప్రతి నేరమూ లెక్క వేసుకుని చేసేది కాదు. తాగిన మైకంలో, పట్టరాని కోపంలో, కుటుంబ కలహంలో జరిగే దాడుల వెనుక లాభనష్టాల బేరీజు ఉండదు. ఒక సిద్ధాంతం కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడినవాడికి మరణశిక్ష భయం పనిచేయదు. కౌమార దశలో ఉన్నవారు దూరపు పర్యవసానాలను తక్కువగా అంచనా వేస్తారు. మనిషి హేతుబద్ధతకు సమాచారం, సమయం, ఆలోచనా శక్తి హద్దులు గీస్తాయని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ చెప్పిన మాట నేరస్థుడికీ వర్తిస్తుంది.

ఎంపిక అన్న మాటలో మరో చిక్కు కూడా ఉంది. ఉపాధి, చదువు ఉన్న యువకుడి ముందున్న దారులూ, అవేవీ లేని యువకుడి ముందున్న దారులూ ఒకటి కావు. జైలుకు వెళ్తే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికే జైలు భయం బలంగా ఉంటుంది. అందువల్ల చదువు, ఉపాధి, మద్యవ్యసన చికిత్స వంటివి నేర నివారణకు బయటి విషయాలు కావు. హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతం ప్రకారం చూసినా నేరం చేస్తే కలిగే నష్టాన్ని అవి పెంచుతాయి.

అవకాశాన్నే తగ్గించడం

1986లో డెరెక్ కార్నిష్, రొనాల్డ్ క్లార్క్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సిద్ధాంతాన్ని ఆచరణాత్మకమైన దారిలోకి మళ్లించారు. నేరస్థుడి స్వభావాన్ని మార్చడం కష్టమైతే నేరం జరిగే పరిస్థితిని మార్చవచ్చు కదా అన్నది వారి ఆలోచన. నేరానికి పట్టే శ్రమ పెంచడం, పట్టుబడే ప్రమాదం పెంచడం, దక్కే ప్రతిఫలం తగ్గించడం ఇందులోని ముఖ్య సూత్రాలు.

పశ్చిమ జర్మనీలో అనుకోకుండా దీనికి ఒక నిదర్శనం దొరికింది. అక్కడ 1980లో హెల్మెట్ లేని మోటారు సైకిలిస్టులకు అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరం సుమారు 1,53,000 మోటారు సైకిళ్లు దొంగతనానికి గురికాగా, 1986 నాటికి ఆ సంఖ్య 54,000కు తగ్గింది. దారిలో కనిపించిన బండిని అప్పటికప్పుడు ఎత్తుకుపోయేవాడి చేతిలో హెల్మెట్ ఉండదు. అది లేకుండా నడిపితే వెంటనే పోలీసుల కంట పడతాడు. దొంగతనానికి శిక్ష పెరగలేదు, పట్టుబడే అవకాశం పెరిగింది. మోటారు సైకిళ్లు వదిలిన దొంగలంతా కార్ల మీద పడ్డారని అనుకోవడానికి తగినంత పెరుగుదల ఆ దొంగతనాల్లో కనిపించలేదు.

ఇలాంటి ప్రయత్నాలు మన దగ్గరా ఉన్నాయి. ఊరికి వెళ్లేవారు ముందుగా సమాచారం ఇస్తే తాళం వేసిన ఇంట్లో కదలికలను పసిగట్టే కెమెరాను అమర్చే ఎల్.హెచ్.ఎం.ఎస్. వ్యవస్థను ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రవేశపెట్టారు. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న ప్రారంభమైన షీ టీమ్స్‌లో పోలీసులు సాధారణ దుస్తుల్లో బస్టాపుల వద్ద, కళాశాలల వద్ద, రద్దీ ప్రదేశాల్లో ఉండి, వేధింపులకు పాల్పడేవారిని దృశ్య ఆధారాలతో సహా పట్టుకుంటారు. పక్కన నిలబడ్డ వ్యక్తి పోలీసు అయి ఉండవచ్చన్న అనుమానమే ఇక్కడ నిరోధక శక్తి. 2023 మేలో కేంద్రం ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్ ద్వారా పోయిన సెల్‌ఫోన్‌ను దేశంలోని ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా నిలిపివేయవచ్చు. పనిచేయని ఫోన్‌కు దొంగ బజారులో ధర పలకదు. ఆర్థిక సైబర్ మోసానికి గురైనవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే ఆ సొమ్ము ఖాతాలు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. సైబర్ నేరగాడు కోపంతోనో మైకంలోనో కాక లెక్క వేసుకుని పనిచేసేవాడు కాబట్టి, ప్రతిఫలం దక్కకుండా చేయడం అతడి విషయంలో మరింత సమర్థంగా పనిచేస్తుంది.

ఈ చర్యలకూ హద్దులు ఉండాలి. కెమెరాలు పెరిగే కొద్దీ పౌరుల వ్యక్తిగత గోప్యత ప్రశ్న వస్తుంది. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. నిఘా దృశ్యాలను ఎవరు చూడాలి, ఎంతకాలం దాచాలి అన్న నియమాలు స్పష్టంగా ఉన్నప్పుడే ప్రజల సహకారం నిలుస్తుంది.

నిర్దోషికి పడే శిక్ష

నిరోధక సిద్ధాంతంలో అంతగా ప్రస్తావనకు రాని ఒక షరతు ఉంది. తప్పు చేసినవాడికి శిక్ష తప్పదన్నంత బలంగా, తప్పు చేయనివాడికి శిక్ష పడదన్న నమ్మకం కూడా ఉండాలి. ఈ రెండో నమ్మకం పోతే చట్టాన్ని పాటించడానికి కారణం బలహీనపడుతుంది.

2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి కేసుల్లో ఇంకా తీర్పు రాలేదు. వారిలో ఎందరో జామీను ఇచ్చే స్తోమత లేని పేదలు. నిర్దోషిగా తేలినా గడిచిన సంవత్సరాలు తిరిగి రావు. ఒకవైపు శిక్ష పడవలసినవాడు సాక్ష్యం లేక బయటికి వస్తున్నాడు. మరోవైపు దోషో కాదో తేలనివాడు లోపలే శిక్ష అనుభవిస్తున్నాడు. జాప్యం ఈ రెండు వైపులా నష్టం చేస్తోంది. జిల్లా, దిగువ న్యాయస్థానాల్లో 4 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉండటం, పోలీసు శాఖల్లో మంజూరైన పోస్టుల్లో సుమారు అయిదో వంతు ఖాళీగా ఉండటం ఈ జాప్యానికి మూలాల్లో కొన్ని.

కొత్త చట్టాల్లో ఏముంది

2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో శిక్షల పెంపుతోపాటు నిశ్చితత్వానికి, సత్వరతకు సంబంధించిన అంశాలు కూడా ఉన్నాయి. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లడాన్ని భారతీయ నాగరిక సురక్షా సంహిత తప్పనిసరి చేసింది. ఇందుకు ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల దాకా గడువు ఇచ్చింది. దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా బాధితులకు తెలపాలి. వాదనలు ముగిసిన 30 రోజుల్లో, ప్రత్యేక కారణాలుంటే 45 రోజుల్లో తీర్పు వెలువడాలి. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపితే, మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష పడే నేరాలకు తప్ప, బెయిలుపై విడుదలకు అర్హుడవుతాడు. అయిదు వేల రూపాయలలోపు చిన్న దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చేసినవారికి జైలుకు బదులు సమాజ సేవను శిక్షగా నిర్దేశించారు.

ఈ నిబంధనలు ఫలితం ఇవ్వాలంటే ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో నిపుణులు కావాలి, న్యాయస్థానాల్లో న్యాయమూర్తులు కావాలి, దర్యాప్తు చేసే సబ్ ఇన్‌స్పెక్టరుకు బందోబస్తు విధుల మధ్య దర్యాప్తుకు సమయం దొరకాలి. శిక్షను పెంచే సవరణకు బడ్జెట్ అవసరం లేదు. వీటన్నిటికీ అవసరం. అందుకే మొదటిది త్వరగా జరుగుతుంది, రెండోది ఏళ్లు పడుతుంది.

ఇకపై ఏ రాష్ట్రంలోనైనా, ఏ నేరానికైనా శిక్ష పెంచుతున్నట్లు ప్రకటన వెలువడినప్పుడు పౌరులు మూడు ప్రశ్నలు వేయవచ్చు. ఈ నేరంపై వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్నింట నిందితులు దొరికారు? దొరికినవారిలో ఎందరిపై నేరం రుజువైంది? ఫిర్యాదు నాటి నుంచి తీర్పు దాకా ఎంత కాలం పట్టింది? ఈ మూడు అంకెలు మారకుండా శిక్ష ఒక్కటే పెరిగితే, కొత్త చట్టాన్ని చూసి నేరస్థుడి లెక్క పెద్దగా మారదు.